ముడి వేసిన మనిషి కోసం దాచేపల్లికి

శనివారం పొద్దున ఆరుంపావుకల్లా నరసరావుపేట బస్టాండులో ఉన్నాను. పిడుగురాళ్ల బస్సు ఆరున్నరకని చెప్పారు. అది ఏడుకు పది నిమిషాలుందనగా కదిలింది. సైన్యంలో పాతికేళ్లు గడియారానికి సలాము కొట్టినవాణ్ణి కదా, ఆ ఇరవై నిమిషాలూ నాకు ఒళ్లు మండిపోయింది. ఈ దారిన వెళ్లేవాళ్లు ఓ అరగంట ఎక్కువే వేసుకుని బయల్దేరితే నాలా పళ్లు నూరుకోనక్కర్లేదు.

ఇంతకీ ఈ ప్రయాణం ఎందుకంటే, నేను పనిచేసింది పారాచూట్ ఫిరంగి దళంలో. మామూలు ఫిరంగుల్ని బండ్లు లాక్కుపోతాయి. మావి విమానంలోంచి దిగేవి. పెద్ద పలక మీద కట్టిన గన్ను ముందు పారాచూట్లతో దిగుతుంది. వెనకాలే మేమూ దూకుతాం. పొలాలకడ్డం పడి పరుగెత్తి దాన్ని వెతికి, కట్లు విప్పి, కాల్చడానికి సిద్ధం చేస్తాం. నేను గుమాస్తానే అయినా దూకడం తప్పేది కాదు. నా టైపు మిషను మాత్రం దర్జాగా లారీలో వచ్చేది.

మా దళం చరిత్ర ఇంగ్లీషులో ఎప్పుడో వచ్చింది. ఈ జిల్లాలో ఉన్న మాజీ సైనికులమంతా కలిసి దాన్ని తెలుగులో వేద్దామనుకున్నాం. రాత పని, ఇంకెవరున్నారు, నా నెత్తిన పడింది. అంతా బాగానే నడిచింది కానీ ఒక వాక్యం దగ్గర నా కలం మొరాయించింది. 'సాధనలో నాయక్ మస్తాన్‌వలి నిబంధనలకు విరుద్ధంగా వేసిన ముడి జారి, గన్ను గాలిలోనే పలక నుంచి విడిపోయి ధ్వంసమైంది.' ఈ వాక్యానికి మూలమైన నివేదికను ఆ రోజుల్లో టైపు కొట్టింది నేనే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ తర్వాత మా బ్యాటరీలో, అంటే మా గన్నుల జట్టులో, ఒక్క గన్నూ జారలేదు. ఎందుకు జారలేదో ఏ కాగితంలోనూ లేదు.

అది చెప్పగలవాడు అప్పట్లో నాయక్ హోదాలో మాతో పనిచేసిన మస్తానే. ఉద్యోగం వదిలి వచ్చాక అతను మా ఏటేటి కలయికకు ఒక్కసారి కూడా రాలేదు. ఈసారి కలయిక మా నరసరావుపేటలోనే, ఆదివారం. సోమవారం పుస్తకం అచ్చుకు పోతుంది. ఆ ఒక్క మచ్చతోనే అతని పేరు అచ్చయితే మనిషి ఇక జన్మలో మా మొహం చూడడని నా భయం. అందుకే కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

బస్సులో నా పక్కన మిరపకాయల మూటతో ఒకావిడ కూర్చుంది. ఆమెది ఉచిత టికెట్టు, నాది డబ్బుల టికెట్టు. ఆ గర్వం ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. కాసేపు నా కాగితాల వంక చూసి అడిగింది.

"ఏంది బాబాయ్, కోర్టు కేసా?"

"కాదమ్మా. ఆకాశంలోంచి ఫిరంగులు దించేవాళ్ల చరిత్ర."

"ఆకాశంలోంచా! మరి కింద ఎవురు పట్టుకుంటారు?"

ఎవరూ పట్టుకోరని, పారాచూట్లే మెల్లగా దించుతాయని చెప్పాను. ఆమె నమ్మలేదు. "చానా చెప్తావులే," అని మూట మీద తల ఆనించి నిద్రపోయింది.

ఎనిమిది గంటలకు మస్తాన్ ఉండే పిడుగురాళ్ల చేరాను. బస్టాండు ఎదుట ఇడ్లీ, అల్లం పచ్చడి బాగున్నాయి. కాఫీ జోలికి మాత్రం పోకండి, టీ తాగండి. ఊరి చివర సున్నం బట్టీల వైపు చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. ఆటోవాడు మస్తాన్ ఇల్లు తెలుసని చెప్పి ఇద్దరు మస్తాన్ల ఇళ్లు చూపించాడు. మూడో మస్తాన్ మా వాడు.

తలుపు తీసింది అతని భార్య ఖాశింబీ. నేనెవరో చెప్పగానే లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది.

"ఆయన దాచేపల్లిలో ఉన్నాడన్నా, లారీల కాడ. ఎందుకొచ్చావో నాకు తెల్సులే. ఏటా మీ వాళ్ల ఫోనొచ్చిన రోజు ఆయనకి అన్నం సయించదు. 'గన్ను పడేసినోడొచ్చాడంటారు' అంటాడు. ఎట్టాగైనా ఈసారి తీసుకుపో."

మస్తాన్ అన్నం మానుకున్న సంగతి ఇన్నేళ్లూ నాకు తెలియదు. పని ఒత్తిడి వల్ల రావడం లేదేమోలే అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను, అంతకంటే ఏమీ ఆలోచించలేదు.

తొమ్మిదీ నలభైకి దాచేపల్లి బస్సు దొరికింది. కూర్చోడానికి చోటు లేదు. ముందూ వెనకా లారీలే. పదిన్నర దాటాక దిగాను. లారీల అడ్డా ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, దుమ్ము ఎటు ఎక్కువగా ఉంటే అటు నడిస్తే సరిపోతుంది.

మస్తాన్‌ని వీపు చూసే గుర్తుపట్టాను. గళ్ల లుంగీ, తెల్ల గడ్డం. సున్నం బస్తాలు ఎత్తిన ఒక లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కో తాడునూ చేత్తో నొక్కి చూస్తున్నాడు. నల్గొండ వైపు నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను బీడీ కాలుస్తూ నాతో అన్నాడు. "తాత చెయ్యి పెట్టి చూడందే నేను బండి తియ్య. ఎన్కట నుంచి గంతే."

"మస్తాన్!" అని పిలిచాను. తిరిగి చూశాడు. మొహంలో వెలుగు వచ్చినట్టే వచ్చి, నా సంచి మీద చూపు పడగానే ఆరిపోయింది.

"ఏందిరా కోటీ, మళ్ళీ కాగితాలు ఎత్తుకొచ్చావా? ఒకసారి రాశావుగా. చాలదా?"

జవాబు ఆలోచించి పెట్టుకునే వచ్చాను. నోట వచ్చిన మాట మాత్రం ఇంకొకటి.

"నా మిషను దాకా వచ్చిందే కొట్టాను మస్తాన్. ఆ తర్వాత ఏం జరిగిందని నిన్ను అడగలేదు. అది నా తప్పు."

అతను లారీ పక్కన వేలాడుతున్న తాడు కొస అందుకున్నాడు.

"ఇటు చూడు. మిలిట్రీకి రాకముందు నేను చేసిందీ పనే. ఆ రోజు పలక మీద పట్టీల కొక్కేలు రెండు ఇరిగినయి. తాడుంది గదా అని లారీ ముడేశా. లారీలో సరుకు కిందికి కూచుంటది. ఆ బరువే ముడిని బిగిస్తది. మరి ఇమానంలోంచి పలక జారినాక, పారాచూట్లు తెరుచుకునే దాకా బరువేడుంది? తాడు వదులైంది. ముడి జారింది. రోడ్డు మీద తిరిగినోడికి గాలి సంగతి తట్టలేదురా."

నాకు అప్పటిదాకా తెలియదు. నియమం తప్పాడనే రాశాం కానీ, ఎందుకు తప్పయిందో ఎవరం ఆలోచించలేదు.

"మరి తర్వాత?"

తాడు కొసను మళ్లీ కింద నుంచి తిప్పి, రెండో మెలి వేసి లాగాడు. "రెండు రాత్రులు నిద్దరపోకుండా కూచుని ఇది కనిపెట్టా. బరువున్నా లేకున్నా ఇది జారదు. పట్టీల మీద అదనంగా కట్టి చూపించా. కెప్టెన్ సాబ్ చూశాడు. మర్నాటి నుంచి అన్ని గన్నులకీ అదే కట్టమన్నాడు. కాగితం మీద పెట్టలా. పెడితే రూలు బుక్కు ఒప్పుకోదుగా!"

డ్రైవరు నవ్వాడు. "గిది మా అందరి ముడే తాతా! ఈ అడ్డాల ఇంకో ముడి ఎవడేస్తడు?" అన్నాడు. చుట్టూ చూశాను. నిజమే. ఆగి ఉన్న ప్రతి లారీకీ రెండో మెలి ఉంది. మా చరిత్ర పుస్తకంలో లేనిది దాచేపల్లి రోడ్డు మీద ఇంతమంది చేతుల్లో ఉంది. నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగాయి.

ఒంటిగంటకు అడ్డా పక్క మెస్సులో భోంచేశాం. పప్పు, గోంగూర, గడ్డపెరుగు. నేను రేపటి కలయిక మాట ఎత్తితే అతను గోంగూర మాట ఎత్తాడు. చివరికి మా వెనక బల్ల దగ్గర తింటున్న ఆ డ్రైవరే కలగజేసుకున్నాడు. "పోయి రా తాతా. నీ దోస్తు గింత దూరం ఒచ్చిండు. రేపొక్క రోజు తాళ్లు నేను చూస్త." మస్తాన్ అతని వంక, నా వంక చూసి, "నువ్వు చూస్తే లారీలన్నీ బోర్లా పడతయి," అంటూనే చెయ్యి కడుక్కోడానికి లేచాడు. అది ఒప్పుకోవడమేనని నాకు అర్థమయ్యేలోపు ఫోను తీసి ఇంటికి చేశాడు.

మూడు గంటలకు నరసరావుపేట బస్సు ఎక్కాం. పిడుగురాళ్లలో పది నిమిషాలు ఆగింది. కిటికీ దగ్గరికి ఖాశింబీ వచ్చి గుడ్డసంచి అందించింది. ఇస్త్రీ చొక్కా పైకే కనిపిస్తోంది. "ఫోను చేసింది ఇందాకేగా, అప్పుడే సర్దావా?" అన్నాడు మస్తాన్. "అన్న అటు ఎల్లగానే సర్దిపెట్టా," అని ఆమె నా వంక చూసి నవ్వింది.

బస్సు కదిలాక నేను సంచిలోంచి కాగితాలు తీసి ఆ పేరా కొత్తగా రాశాను. పాత వాక్యం కొట్టేశాను. నాయక్ మస్తాన్‌వలి ఒక కొత్త కట్టు కనిపెట్టాడని, ఆ తర్వాత మా గన్నులన్నీ దానితోనే క్షేమంగా దిగాయని రాసి చదివి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. మస్తాన్ మొహం చిట్లించాడు.

"గన్ను పడిందని ఏదీ?"

"తీసేశాను. నీ పేరు మీద ఆ మచ్చ ఎందుకని."

"ఒరే కోటీ, అది తీసేస్తే రెండో మెలి ఎందుకేశామో చదివినోడికి ఎట్టా తెలుస్తది? తెలవకపోతే దండగని మానేస్తాడు. మళ్ళీ గన్ను పడుద్ది. పడిందని రాయి. కట్టింది నేనేనని రాయి. ఆ తర్వాతే మిగతాది రాయి."

పల్నాడు వాళ్లకు పౌరుషమెక్కువ, తప్పు ఒప్పుకోరు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ మాట అన్నవాళ్లెవరో ఈ బస్సు ఎక్కి ఉండరు. గతుకుల్లో అక్షరాలు వంకరపోతున్నా అతను చెప్పినది చెప్పినట్టు రాశాను. మస్తాన్ కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. తిరిగి ఇస్తాడనుకుని చెయ్యి చాచాను.

"ఉండనీ," అన్నాడు జేబులో పెట్టుకుంటూ. "రేపు అందరి ముందర ఇది నేనే చదువుతా."