ఇన్నాసమ్మ టీచర్ చదవని చీటీ

మీ అందరికీ ఇన్నాసమ్మ టీచర్, నాకు అక్క, మొన్న మంగళవారం పొద్దున పోయింది. ఆ కబురు నాకు తెచ్చింది ఆమె కూతురు లూర్దు. లూర్దుకి నలభై మూడేళ్లు. మనసు మాత్రం ఐదారేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒక పక్క జడ వేసి రిబ్బను కట్టి ఉంది. రెండో పక్క జుట్టు భుజం మీద విరబోసుకుని ఉంది.

"పిన్నీ, అమ్మ రెండో జడ వెయ్యట్లేదు. దువ్వెన కింద పడేసింది," అని అక్క మీద చాడీ చెప్పింది.

నేను వెళ్లేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నేను ఆ గదిలోంచి బయటికి రాలేకపోతున్నాను.

పర్చూరు దగ్గర మిషన్ బడిలో మేమిద్దరం పక్క పక్క తరగతులకు పాఠాలు చెప్పాం. కానీ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఆమె గొంతే ఎక్కువ తెలుసు. నల్లరేగడి చేల మధ్య ఉన్న అన్నమ్మ తల్లి మఠానికి ఏటా జూలైలో జనం నడిచి వస్తారు. పత్తి గింజ పెట్టి వాన కోసం చూసే రోజులవి. అన్నమ్మ అంటే మరియమ్మ గారిని కన్న తల్లి. విగ్రహంలో తల్లి చేతిలో పుస్తకం ఉంటుంది, కూతురు పక్కన నిలబడి ఉంటుంది. కింద ఒక చెక్కపెట్టె. ఎవరి మనవి వాళ్లు పేరు లేకుండా చీటీ మీద రాసి అందులో వేస్తారు. తల్లి పండుగకు ముందు తొమ్మిది రోజులూ సాయంత్రం పూట అక్క ఆ చీటీలు మైకులో చదివేది. ఒక్కోదానికి జనమంతా "అన్నమ్మ తల్లీ, మా కొరకు వేడుకొనండి" అనేవారు. మైకు పక్కనే నిలబడే లూర్దు అందరికంటే గట్టిగా అనేది.

అక్కకు రెండు నియమాలు. చీటీని ముందుగా చూసుకోకూడదు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఒకసారి ఒక రైతు "పక్క చేలో వాన పడి నా చేలో పడలేదు, ఇదేం న్యాయమో కనుక్కో తల్లీ" అని రాశాడు. అక్క అలాగే చదివింది. జనం నవ్వారు.

"కాస్త మార్చి చదవొచ్చు కదా టీచర్?" అన్నారు మఠం పెద్ద మదర్ గారు.

"ఆయన రాసింది తల్లికండీ, మనకి కాదు. దిద్దడానికి ఇదేమన్నా కాపీ పుస్తకమా?" అంది అక్క.

నాలుగేళ్ల కిందట పండుగ ముందురోజు అక్క గొంతు పూర్తిగా పోయింది. నన్ను చదవమంది. ఆమె నియమం ప్రకారమే చేతికొచ్చిన చీటీ విప్పి చదివాను. "తల్లీ, నా బిడ్డను నాకంటే..." అన్నాక రాత గుర్తుపట్టాను. ఎన్నో ఏళ్లు పక్క తరగతి హాజరుపట్టీలో చూసిన రాత. ఆపకూడదు. "నాకంటే ఒక్క రోజు ముందు తీసుకుపో. దాన్ని ఎవరికీ వదిలి రాలేను."

వందలమంది ఒక్కసారిగా "మా కొరకు వేడుకొనండి" అన్నారు. నా పక్కన లూర్దు చేతులు జోడించి, అందరికంటే గట్టిగా, సంతోషంగా అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్క చెయ్యి పట్టుకున్నాను. "నన్ను క్షమించు అక్కా."

"దీనికి పదహారేళ్లప్పటి నుంచి ఏటా వేస్తున్నానే," అంది, గొంతు పెగలక గుసగుసగా. "నా చేతికొస్తే చదవకుండా కొంగున ముడేసుకునేదాన్ని. నేను చేసిన దొంగతనం అదొక్కటే." కొంగు సర్దుకుని, "ఇంతమంది కలిసి అడిగాక ఇంక వినకపోతుందా?" అని నవ్వబోయింది. "మా లూర్దు ఎంత గట్టిగా అందో విన్నావా?" అంది.

అన్నమ్మ తల్లి వినలేదు. అక్కే ముందు పోయింది. లూర్దు బతికి ఉన్నందుకు దేవుడికి దండం పెట్టాలో, అక్క మాట అలా తోసేసినందుకు నిలదీయాలో నాకు తెలియడం లేదు. పరలోకంలో కలుస్తారని ఫాదర్ గారు ఓదార్చారు. నమ్ముతాను. కానీ లూర్దు ఇక్కడ, నా వంటింట్లో ఉంది. నా వయసు అరవై ఎనిమిది. నాకూ ఎవరూ లేరు.

ఈ జూలైలో చీటీలు నన్నే చదవమన్నారు సిస్టర్లు. సరేనన్నాను. పెట్టెలో నా చీటీ కూడా వెయ్యాలని రెండుసార్లు కాగితం ముందు కూర్చున్నాను. అక్క అడిగిందే నేనూ అడగాలి. పక్క గదిలో లూర్దు పాట పాడుకుంటుంటే ఆ మాట రాయలేకపోయాను. కన్నతల్లి అయ్యుండి అక్క ఇరవై ఏడేళ్లు దాన్ని ఎలా రాసిందో. అక్కా, నీకు దండం పెట్టడం తప్ప నీ స్థానంలో నిలబడడం నా వల్ల కాదు.

రోజూ పొద్దున లూర్దు నా ముందు కూర్చుంటుంది. ఒక జడ వేస్తాను. రెండో పాయ పట్టుకోగానే నా చెయ్యి తోసేస్తుంది.

"అది అమ్మ వేస్తుంది," అని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది.