మూడో ప్లగ్గు

గుడ్లు మోసే బండి నడపడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఇటుకల బండి గుంతలో పడితే ఇటుకలు కిక్కురుమనవు, అదే గుడ్లయితే ఏడ్చి ఊరంతా ఏకం చేస్తాయి, అనేవాడు ఆయన. ఇరవై రెండేళ్లు ఒకే చిన్న ట్రక్కులో అట్టల మీద అట్టలు పేర్చుకుని దుకాణాలకు గుడ్లు దింపాడు. బ్రేకు మీద కాలు పెట్టిన సంగతి వెనకున్న గుడ్డుకు తెలియకూడదన్నది ఆయన పంతం. వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆయన గుడ్లమామే.

బండి మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఇంజనులో ప్లగ్గులు మార్చే రోజున ఇంటిముందు గోనెసంచి పరిచి, దాని మీద పానాలు వరసగా పెట్టుకుని, పెళ్లాం చేతికి టార్చిలైటు ఇచ్చి పక్కన నిలబెట్టేవాడు. నాలుగు ప్లగ్గులు. తీగను టోపీ దగ్గర పట్టుకుని లాగడం, చుట్టూ ఉన్న దుమ్ము నోటితో ఊదడం, పొడుగు పానాతో పాతది విప్పడం, కొత్తదాన్ని ఉత్త వేళ్లతో ఎక్కించడం. ఎక్కించేటప్పుడు కావాలనే కళ్లు మూసుకునేవాడు. ముందు ఎడమకు తిప్పితే, రంధ్రంలో మర చుట్లు మొదలయ్యే చోట ప్లగ్గు చిటుక్కున దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి.

"నా వేళ్లకు కళ్లున్నాయే," అనేవాడు.

"మరి ఈ లైటు నేనెందుకు పట్టుకోవడం?"

"నువ్వు చూసి తరించడానికి."

ఆయనకు షుగరు వచ్చి పదేళ్లయింది. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాడు, లేకపోతే లేదు. ఆ ఏడు కొన్ని సంగతులు ఆమె కంట పడ్డాయి. పొగలు కక్కే టీ గ్లాసును పిడికిలితో పట్టుకుని తీరిగ్గా కబుర్లు చెబుతూ కూర్చునేవాడు. ఒకరోజు దుకాణం నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. "రెండోదేదండీ?" అని అడిగితే, అప్పుడు కిందికి చూసుకున్నాడు.

"కుక్క ఎత్తుకుపోయింది."

కాలికున్న చెప్పును కుక్క ఎలా ఎత్తుకుపోతుందని వీధంతా నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. అట్టల్లో గుడ్లు పగలడం కూడా అప్పుడే మొదలైంది. ఆయనేమో రోడ్లను తిట్టాడు, అట్టలు చేసేవాళ్లను తిట్టాడు.

ఒక ఆదివారం, బండి దగ్గుతోందని కొత్త ప్లగ్గులు తెచ్చి కూర్చున్నాడు. మొదటి రెండూ ఎలాగో ఎక్కాయి. మూడోది చెయ్యి సరిగా దూరని చోట ఉంటుంది. ఎడమకు తిప్పాడు, మళ్లీ తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు. చిటుకు తగలలేదు కాబోలు, విసుగొచ్చి కుడికి తిప్పేశాడు. టార్చి వెలుగులో ప్లగ్గు ఒక పక్కకు ఒరిగి ఉండడం ఆమె చూసింది.

"వంకరగా ఉన్నట్టుందండీ. ఒకసారి విప్పి చూడండి."

"పెళ్లాం మెకానిక్కయితే మొగుడు గరిటె పట్టుకోవాల్సిందే," అంటూ పానా తగిలించి బిగించాడు.

కీచుమంది. పానా బరువెక్కింది, ఇంకా బరువెక్కింది, ఉన్నట్టుండి తేలికైపోయింది. బిగుస్తున్నది అలా తేలికైపోయిందంటే పుట్టి మునిగినట్టే. మర మొత్తం కోసుకుపోయింది.

రెండు వీధుల అవతల షెడ్డు నడిపే మరిదిని పిలిపించారు. అతను వంగి చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"అన్నయ్యా, నిజంగా నువ్వు చేసిన పనేనా ఇది?"

"మీ వదిన లైటు కదిపింది."

"ఏం వదినా! ఇంటి మీద పెత్తనం చాల్లేదా, ఇంజను మీద కూడానా?"

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన గోనెసంచి మీద పానాలు సర్దుతున్నాడు. "చెయ్యి లాగిందయ్యా, కదిలింది," అంది. కూరలో ఉప్పెక్కువైతే తనది తప్పు, వాన కురవకపోతే తనది తప్పు. ఇన్నిటి పక్కన టార్చిలైటొక లెక్కా?

మరిది పాడైన రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల కొత్త మర బిగించి, సాయంత్రానికి ఇంజనును దారికి తెచ్చాడు. ఆయన చేతులు తుడుచుకుని ఇంట్లోకి వస్తూ, "రేపు పొద్దున్నే లోడు. బడి సందులో దుకాణాలు కూడా ఇకమీదట మనవే," అన్నాడు.

బడి సందంటే దారినిండా పిల్లలు. వేలికి మర తెలియనప్పుడు కాలికి బ్రేకు ఎలా తెలుస్తుంది?

"కొన్నాళ్లు బండి మానేయండి. కాళ్లు కూడా మొద్దుబారాయి కదా."

"ఈ మాట గడప దాటిందో, చూడు మరి." గొంతు తగ్గించాడు. "బండి దిగితే నేనెవర్నే? నీ పక్కన కూర్చుని కూరలు తరగనా?"

ఆమె తనే గడప దాటింది. మరిది సామాను సంచిలో వేసుకుంటున్నాడు.

"లైటు కదల్లేదయ్యా."

"ఏంటొదినా?"

"కదల్లేదు. మీ అన్నయ్య వేళ్లకు స్పర్శ లేదు. పాదాలకూ లేదు."

అతను ముందు నవ్వాడు. వదిన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. వెనకాలే వచ్చిన అన్నగారితో, "అన్నయ్యా, కళ్లు మూసుకుని చెయ్యి చాపు. ప్లగ్గు పెడుతున్నా. కొత్తదో పాతదో చెప్పు," అన్నాడు.

"పిచ్చి పరీక్షలూ నువ్వూనూ," అంటూనే ఆయన కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు.

మరిది ఆ చేతిలో ఏమీ పెట్టలేదు.

ఆయన వేళ్లు సగం ముడిచాడు. ఆడించాడు. బరువు చూస్తున్నట్టు చెయ్యి కాస్త పైకీ కిందికీ ఊపాడు.

"కొత్తది," అన్నాడు.

కళ్లు తెరిచాడు. ఖాళీ అరచేతిని చూసుకున్నాడు. తర్వాత తమ్ముడి వంక కాదు, పెళ్లాం వంక చూశాడు. జేబులోంచి బండి తాళం తీసి ఇంజను మూత మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికాడు. ఆమెతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. దాహమైతే గోడకు చెప్పేవాడు, "ఈ కొంపలో మంచినీళ్లు దొరుకుతాయా?" అని. కాలికి పుండ్లు పడితే రోజూ ఆమే కడిగి కట్టు కట్టింది. నొప్పి తెలియని కాలు కదా, ఎంత గట్టిగా తుడిచినా తిట్టేవాడు కాదు. తిడతాడేమోనని ఒకటి రెండుసార్లు కావాలనే గట్టిగా తుడిచింది. ఆఖరి రోజు ఆస్పత్రిలో పక్కన కూతురు ఉంది. "నా గురించేమైనా అడిగారా?" అని ఆమె అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట. ఇరవై రెండేళ్లలో ఒక మనిషికి గీత పడనివ్వలేదు, మహానుభావుడు, అని. ఆమె అందరికీ తలూపింది. వాళ్లంతా వెళ్లాక, కుర్చీలు మడతపెడుతూ మరిది మెల్లగా అన్నాడు.

"ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే ఏమయ్యేదో వదినా."

"ఏమయ్యేదో నాకేం తెలుసయ్యా," అంది ఆమె. "నాతో మాట్లాడేవాడు."