చలపతిరావుగారి తొలి ఊడ్పు

ఆషాఢంలో ఒక పొద్దున్న చలపతిరావుగారు గట్టు మీంచి జారి, దమ్ము చేసి ఉన్న తన మడిలోనే బోర్లా పడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు. కళ్ళజోడు కూడా దొరికింది. ఇబ్బందల్లా, ఆయన పడటం ఊరు చూసింది.

పెదపాడుకి దిగువన, కొల్లేరు వైపు ఉంటుంది ఆ ఊరు. అక్కడ జమ్ము నరికి, గట్లు పోసి, మొదట వరి వేసింది ఆయన ముత్తాత. కొల్లేరు పొంగితే ఎలాగని జనం జంకితే, ముందు నేను వేస్తాను, మునిగితే నాదే మునుగుతుంది అన్నాడట. అప్పట్నుంచీ ఆ ఇంటివాళ్ళు వరినాట్లు ఊడ్చాకే ఊరు ఊడుస్తుంది. ముందురోజు టముకు వేయించి మరీ చెప్పేవారు.

తరాలు గడిచేసరికి ఆ భూమంతా చేపల చెరువులైపోయింది. ఏలూరు కరెంటాఫీసులో చేసి రిటైరైన చలపతిరావుగారికి ఒక్క మడి మిగిలింది, మోకాళ్ళ నొప్పులు తోడయ్యాయి. వానల సంగతి ఫోన్లో చూసుకునేవాళ్ళు కూడా, వేసే ముందు ఆయన గుమ్మం వైపే చూసేవారు. ఎప్పుడండీ, ఎప్పుడండీ అని వీధిలో అడిగేవాళ్ళే. ఆయన విసిగిపోయి, ఈ ఏడు ఊడ్పు మానేసి ఆ మడి కూడా చెరువుకి ఇచ్చేద్దామనుకున్నారు. ఎవరికీ చెప్పలేదు.

పక్క పొలం కౌలుకి చేస్తున్న బెంజమిన్‌కేమో ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే నాటడానికి పనికిరాదు, మళ్ళీ విత్తనం పోద్దామంటే అదను దాటిపోయింది. ఊడ్పుల ముఠా నడిపే లిడియాని బతిమాలాడు. పెద్దింటి మడికన్నా ముందు దిగితే, రేపు పంటకేదైనా అయితే మాట మామీదకి వస్తుందంది ఆవిడ. బెంజమిన్ ఆశ చావక, చలపతిరావుగారి మడికి కూడా తనే దమ్ము చేయించి పెట్టాడు.

ఆ పొద్దున్న చలపతిరావుగారు అసలు సంగతి చెప్పేద్దామనే వెళ్ళారు. నోరు తెరిచేలోగా బెంజమిన్ ఒక ఆకుకట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"మీరే చూడండి బాబుగారూ, కణుపు కూడా పడుతోంది."

చూద్దామని కళ్ళజోడు సర్దుకోబోయి ఆయన పడ్డారు. లేవడానికి కట్ట ఉన్న చేతిమీదే బరువంతా మోపారు. ఆయన లేచారు. కట్ట మాత్రం బురదలో దిగబడి నిటారుగా నిలబడిపోయింది.

అవతలి గట్టున లిడియా ముఠా ఇదంతా చూసింది. ఎవరూ నవ్వలేదు.

"బాబుగారు మొదలెట్టేశారు, దిగండర్రా," అంది లిడియా.

కాదని ఒక్క మాటంటే ఆగేవాళ్ళే. ఆయన బెంజమిన్ ముఖం చూశారు, కళ్ళజోడుకంటిన బురద తుడుచుకున్నారు, ఆ మాట మాత్రం అనలేదు. పొద్దుగూకేలోగా బెంజమిన్ పొలం ఊడ్పు అయిపోయింది.

సాయంత్రం ఎగువ పొలం నాగేశ్వరరావుగారు వచ్చి అరుగుమీద కూర్చున్నారు. ఆయన ఆకు ఇంకా తీయించుకోలేదు, చూస్తే కూలీలంతా అటు వెళ్ళిపోయారు.

"మీ తాతగారైతే ముందురోజే టముకు వేయించేవారండీ. మీరేమో చెప్పాపెట్టకుండా పడిపోయారు," అన్నారు, నిజంగానే నొచ్చుకుని.

చలపతిరావుగారు మోకాలికి నూనె రాసుకుంటూ విన్నారు.

"నిజమేనండీ, వచ్చే ఏడు పడబోయే ముందు కబురు పంపిస్తాను."