రెండు పేజీల ఫ్రెంచి

మొయినాబాద్‌లో ఒక కాలేజీలో నేను ఫ్రెంచి చెబుతాను. ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకునేది మార్కుల కోసమేనని పిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ప్రతి ఏడూ మొదటి వారంలో ప్రపంచ పటం తగిలించి ఒక ఉపన్యాసం దంచేదాన్ని. ఫ్రాన్సు బడుల్లో కొన్ని నెలలు ఇంగ్లీషు చెప్పే కొలువు ఉంటుంది, అక్కడే పీజీ చేయొచ్చు, ఒక కుటుంబంతో ఉండి వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ భాష నేర్చుకోవచ్చు, కెనడా ఉంది, ఆఫ్రికాలో బోలెడు దేశాలున్నాయి. ఫ్రెంచి పిలిచిన చోటికల్లా వెళ్లండి అని ముగించేదాన్ని. ఈ ఏడు ఆ పటం బీరువాలోంచి బయటికి రాలేదు.

ఆ ఉపన్యాసాన్ని నిజంగా నమ్మిన పిల్ల ఒక్కతే. ఊరు చేవెళ్ల. వాళ్ల నాన్న చామంతి, టమాటా పండిస్తాడు. ఒకసారి ఎంపీటీసీకి నిలబడి ఓడిపోయాడు. ఆ పిల్ల డిగ్రీకి సిటీకి మారాక కూడా ఆదివారాలు బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. వంటింట్లో నేను కూరలు తరుగుతుంటే గట్టు మీద కూర్చుని ఫ్రెంచి చదివేది. మాది కోస్తా. ఇక్కడికి వచ్చి పాతికేళ్లవుతున్నా చుట్టపు చూపుగా వచ్చినట్టే ఉండేది. ఆ పిల్ల వచ్చిన రోజు మాత్రం ఇల్లు నాదనిపించేది.

ఫ్రాన్సు బడుల కొలువుకి రెండేళ్లు వరసగా దరఖాస్తు చేసింది. ఒకసారి వెయిటింగ్ లిస్టు, ఒకసారి అదీ లేదు. తనకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. దాచేదేముంది, నేను ఫ్రాన్సు గడప తొక్కలేదు. నా బదులు ఆ పిల్ల తొక్కాలని నా ఆశ.

ఆ తర్వాత ఫోన్లో ఒక ప్రకటన వచ్చింది. తూర్పున ఒక దేశంలో కస్టమర్ కేర్ ఉద్యోగం, ఫ్రెంచి వచ్చినవాళ్లే కావాలి, టికెట్టు వాళ్లదే, ఉండటానికి గది, తిండి. ముందు గొంతు నమూనా పంపాలి.

"మేడమ్, గీ రెండు పేజీలు చదివి ఆడియో పంపుమన్నరు. జర మీరు ఇని తప్పులు చెప్పుండ్రి" అంది.

ఆ పేజీల్లో ఏముందో నేను చదివాను. చదవలేదని ఇప్పుడు బుకాయించలేను. బ్యాంకు రక్షణ విభాగం నుంచి మాట్లాడుతున్నానమ్మా, కంగారు పడకండి, నేను మీతోనే ఉన్నాను, పని పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టేయకండి, ఇంట్లో ఎవరికీ ఇప్పుడే చెప్పకండి. నా కళ్లు ఆ మాటల మీదుగా వెళ్లాయి. చెవులు మాత్రం ముక్కుతో పలకాల్సిన అక్షరాల దగ్గరే ఆగాయి. ఇన్నేళ్లుగా నేను చేసిన పని అదే. పిల్లలు ఏం చెబుతున్నారో ఎప్పుడూ అడగలేదు, ఎలా పలుకుతున్నారో చూసి మార్కులు వేశాను. అవతల పెద్దావిడ ఉందనుకో, మీ అవ్వతో మాట్లాడినట్టు నెమ్మదిగా చదువు అని కూడా చెప్పాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం దాకా చదివించాను. చివరిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అంత బాగా వచ్చింది.

రెండు రోజుల్లో ఎంపిక చేశారు. టూరిస్టు వీసా మీద రమ్మన్నారట, వచ్చాక మారుస్తారట. ఉద్యోగానికి టూరిస్టు వీసా ఏమిటని అడగబోయి, పిల్ల మొహంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను. బయల్దేరే ముందు చేవెళ్ల నుంచి తండ్రీకూతుళ్లు మా ఇంటికి వచ్చి ఒక సంచీడు చామంతులు ఇచ్చి వెళ్లారు.

ఆ పిల్ల వెళ్లిన పదో రోజున స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుంటే నాకొక ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి, చక్కని తెలుగు. మేడమ్, మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కంగారు పడకండి, ఫోన్ పెట్టేయకండి, ఇంట్లో ఎవరికీ ఇప్పుడే చెప్పకండి. నేను ఫోన్ పెట్టేయలేదు. చివరిదాకా విన్నాను. అవే వాక్యాలు, అదే వరస. ఫ్రెంచిలో నేను దిద్దినవే.

వెంటనే ఆ పిల్లకి మెసేజ్ పెట్టాను. ఎక్కడున్నావు, ఏం పని చేయిస్తున్నారు, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా. రెండు రోజుల తర్వాత "మంచిగున్న మేడమ్" అని ఒక్క ముక్క వచ్చింది. ఎప్పుడూ నాకు ఫ్రెంచిలోనే రాసేది. చేవెళ్లకి ఫోన్ చేస్తే వాళ్ల నాన్న, అంతా మంచిగనే ఉన్నది, ఫికర్ చేయకుండ్రి అన్నాడు. ఆ మాటల్లో తొందర వినిపించింది. గట్టిగా అడిగితే ఆయన ఏం చెబుతాడోనని భయపడి నేనూ నమ్మినట్టు నటించాను.

నెల తర్వాత ఆయనే వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. గడ్డం పెరిగిపోయింది.

"మేడమ్, మీ క్లాసుల మంచిగ మాట్లాడే పిల్ల ఇంకెవరన్న ఉన్నదా?"

ఎందుకన్నా అని అడిగాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"ఇంకొకర్ని తెస్తే నా బిడ్డను ఇడుస్తరంట. ఏడ్సుకుంట చెప్పింది. పోలీసులకు చెప్తే మల్ల కనవడదని కూడ అన్నరంట."

అప్పుడు నేను ఆయన్ని తిట్టి ఉండాలి. ఇంకో తండ్రి గురించి ఆలోచించావా అని అడిగి ఉండాలి. ఆ హక్కు నాకు లేకపోయింది. ఎందుకంటే ఆయన అడిగీ అడగగానే నా మనసు క్లాసులోకి వెళ్లి బెంచీలు వెతికింది. మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది. శంకర్‌పల్లి నుంచి వస్తుంది. గొంతు తేనె. ఆ పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. నా పిల్ల ఇంటికి వస్తుందనే ఒక్క ఆశతో వచ్చింది.

ఎవరూ లేరన్నా అని చెప్పాను. ఆయన నమ్మలేదు. గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెప్పులు వేసుకుని, పదండి అని ఆయన్ని పోలీస్ స్టేషనుకి తీసుకెళ్లాను. ఫిర్యాదు రాయించాం. ఆ పేజీలు చదివించింది నేనేనని కూడా రాయించాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నంబరు మోగడం లేదు. ఫిర్యాదు వల్లే అని ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

క్లాసులో పాఠం ఎవరు చదువుతారని అడిగితే మూడో బెంచీ పిల్ల రోజూ చెయ్యెత్తుతుంది. నేను పక్కనున్న పిల్లని లేపుతాను. మొన్న క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, నన్నెందుకు చదవనియ్యరు మేడమ్, నేను మంచిగ చదవనా అని అడిగింది. బాగా చదవవు అని చెప్పాను.