పెదనాన్నగారి ‘ఆయ్’

మొన్న అమలాపురంలో మా పెదనాన్నగారి పటం ఆవిష్కరించారు. వేదిక ఎక్కిన ప్రతివాళ్ళూ చెప్పింది ఒకటే: ఏ లంక రైతుల కోసం ఆయన కోర్టులో గొంతు చించుకున్నారో, ఆ లంకవాళ్ళే ఎన్నికల్లో ఆయన్ని ఓడించారట, విశ్వాసం లేని జనమట. నేను లేచి కాదనబోతే అన్నయ్య చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అక్కడ మాట్లాడనివ్వలేదు కనక ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజులు ఎరిగినవాళ్ళు మీరైనా వింటారు.

నలభైల్లో హైస్కూలు చదువుకోసం నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అప్పటికి పెదనాన్నగారు కోటు వెలిసిపోయినా పేరు రాని ప్లీడరు. ఆయన దశ తిప్పింది ఒక్క మాట. గోదావరి నడుమ లంకలో ఒక కౌలురైతుతో భూస్వామి పదిమంది ఎదుట ‘వచ్చే ఏడు భూమి వదిలెయ్యాలి’ అన్నాడట, రైతు ‘ఆయ్’ అన్నాడట. ఇంకేం, ఒప్పేసుకున్నాడు కనక ఖాళీ చెయ్యాలని దావా. జడ్జీగారిది అరవదేశం, తెలుగు వచ్చుగాని మన తెలుగు రాదు. పెదనాన్నగారు లేచి, “అయ్యా, మా వైపు మీ ఇల్లు తగలబడుతోందని చెప్పినా మనిషి ముందు ఆయ్ అనే అంటాడండి. తగలబెట్టుకోమని ఒప్పుకున్నట్టా అండీ? మీ మాట చెవిన పడిందని, అంతే!” అన్నారట. జడ్జీగారితో సహా అందరూ నవ్వారు, కేసు నెగ్గింది. ఆపైన లంకల నుంచి పడవల్లో అరటిగెలలు, కొబ్బరికాయలు, కేసులు, ఆ వెనకే ఓట్లు. ఖద్దరు కట్టి మద్రాసు శాసనసభకీ, ఆంధ్రరాష్ట్రం విడిపోయాక కర్నూలుకీ వెళ్ళారు.

నెగ్గిన కేసు శాశ్వతం కాదు గదా. భూస్వామి పోయాక కొడుకులు ఆ లంక కౌలురైతులందరి మీదా కొత్త దావా వేసి ఈసారి గెలిచారు. పెదనాన్నగారు ఎన్నికల్లో తిరిగిన జీపు ఆ కొడుకులదేనని పటం కింద మాట్లాడిన వాళ్ళెవరికీ గుర్తురాలేదు. నేను కాకినాడ కాలేజీ నుంచి సెలవులకి వచ్చి ఉన్నప్పుడే, ఆ రైతూ భార్యా మరికొందరూ రేవు దాటి వచ్చి మా అరుగు ముందు నిలబడ్డారు. “అప్పీలు గడువు దాటిపోతందండి బాబుగారూ. తమరే చూడాలండి, మాకింకెవరున్నారండి,” అన్నాడు రైతు. పెదనాన్నగారు కండువా సర్దుకుని, “ఆయ్” అన్నారు.

వాళ్ళ మొహాలు విప్పారడం నేను కళ్ళారా చూశాను. వేరే ప్లీడరు తానే పిలిచి అప్పీలు వేస్తానంటే, “బాబుగారు ఆయ్ అన్నారండి,” అని దండం పెట్టి వచ్చేశారట. ఆ మాటకి అర్థమేమిటో కోర్టులో విని, దానివల్లే భూమి నిలబెట్టుకున్న మనుషులు! ఎవరి ‘ఆయ్’కి ఏ అర్థమైనా ఉండనీ, బాబుగారి ‘ఆయ్’కి మాత్రం ఒకటే అర్థమనుకున్నారు. గడువు దాటిపోయింది.

ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా, పోలీసులు లంకకి బయల్దేరారని తెలిసిన రోజు పొద్దున్నే రైతు భార్య వానలో తడుస్తూ వచ్చింది. పెదనాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజు వారి పూజ ఎంతకీ తెమల్లేదు, గంట మోగుతూనే ఉంది. పెద్దమ్మ చెప్పలేక చెప్పింది, పూజలో ఉన్నారని. “కానివ్వండమ్మా. దేవుడితో మాటాడేక మాతోనూ మాటాడతారు. కూచుంటానండి,” అంది ఆవిడ. కాసేపటికి రేవు వైపునుంచి ఎవరో పరుగున వచ్చి, “కప్పులు పీకేస్తన్నారే! సామానంతా బురదలో పారేస్తన్నారే!” అని అరిచాడు. ఆవిడ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. అప్పుడు ఆగింది గంట.

పెద్దమ్మ ఆయనకి ఎదురు నిలవడం అదే మొదలు, అదే ఆఖరు. “ఆయ్ అన్నారటగా మీరు?” అంది. “విన్నానన్నాను. వేస్తానన్నానా?” అన్నారు పెదనాన్నగారు. తర్కానికేం, ఎక్కడా పొల్లుపోలేదు.

ఇక లంకవాళ్ళు ఓడించారన్న మాట. మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి ఆ లంకలో ఓటెయ్యడానికి మిగిలిందెవరు? కొందరు తణుకు వైపు చెరుకు నరకడానికి పోయారు, కొందరు ఎటు పోయారో గోదావరికే తెలియాలి. ఆయన్ని ఓడించింది జీపు. వేరే అభ్యర్థిని ఎక్కించుకుంది.

ఇప్పుడు రేవుల దగ్గర ఆ పడవల రద్దీ లేదు, కోర్టు వీధిలో ఆ గొంతులూ లేవు. మా పిల్లలు ‘ఆయ్’ అంటే మోటని నవ్వుతారు. ఆ మాటకి కూడు పెట్టే బలమూ, కొంప ముంచే బలమూ ఉండేదని చెబితే వింతగా చూస్తారు.

లంకలో ఆ కప్పులు పీకేసిన కొన్నేళ్ళకి ఓసారి కొత్తపేటలో బస్సెక్కి కూర్చున్నాను. కిటికీ కింద ఎవరో పలకరించారు. ఆవిడే, రైతు భార్య. జుట్టు ముగ్గుబుట్టయింది. “బాబుగారు కులాసాయేనా అండీ?” అంది ముందు. తరవాత, “మా ఆయన పోయేముందు కూడా వారినే తలుచుకున్నాడండి,” అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను, దొరకలేదు. నేను నోరు తెరిచేలోగా బస్సు కదిలింది.

ఏమని తలుచుకున్నాడు?