వచ్చినకాడి లెక్క

నాంపల్లిలో మా గణాంకాల ఆఫీసుకు పెద్ద దిక్కు మేడం. ఏ అంకె చూపించినా ముందు, "ఎవరు లెక్కపెట్టిన్రు?" అని అడిగేవారు.

ఒకసారి వలసల మీద రెండు దేశాల లెక్కలు వచ్చాయి. మనుషులు వాళ్ళే. పంపిన దేశం కొద్దిమందే వెళ్ళారంది, చేరిన దేశం అంతకు ఎన్నో రెట్లు వచ్చారంది. "రెండూ కలిపి సగం చేద్దామా మేడం?" అన్నాను. ఆమె నన్ను రైల్వేస్టేషనుకు నడిపించారు.

ఒక బండి వెళ్ళిపోయింది. ఎవరెక్కారో ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో బండి వచ్చి ఆగింది. దిగిన ప్రతి మనిషినీ గేటు దగ్గర ఆటోవాళ్ళు ఆపి, "ఏడికి?" అని అడుగుతున్నారు.

"చూసినవా? పోయెటోడు ఎవ్వరికి చెప్పి పోతడు? వచ్చినోనికి ఇల్లు గావాలె, పని గావాలె, దవాఖాన గావాలె. యాడనో ఒక్కకాడ పేరు చెప్పక తప్పదు. గందుకే వచ్చినకాడి లెక్కనే ఎక్కువ నమ్మాలె."

రిటైరయ్యాక ఆబిడ్స్‌లో కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఆమె ఎటు వెళ్ళారో మాకెవరికీ తెలియలేదు. మొన్న కరీంనగర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది.

"మా గల్లీల కొత్తగ ఒక మేడం దిగింది. వంద కోతులు తిరుగుతున్నయంటే, ఎవరు లెక్కపెట్టిన్రు అంటది!"

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లేచి నిలబడ్డాను.