పక్కింటి పెరట్లో నేను చూసింది

జగ్గయ్యపేటలో మా పక్కిల్లు ఒక లారీ డ్రైవరుది. ముస్లిం కుటుంబం. ఆయన భార్య నన్ను అక్కా అని పిలిచేది. కిరాయికి వెళ్లొచ్చాడంటే ఆయన ముందు ఒళ్లెరగకుండా నిద్రపోయేవాడు, తర్వాతే భోజనం.

ఆ మధ్యాహ్నం నేను డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. మామూలు బట్టల్లో ఉన్న నలుగురైదుగురు వాళ్ల తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. పోలీసులని నాకు తెలియదు. ఆయనకీ తెలిసుండదు. ఏదో దొంగతనం కేసులో ఆయన బావమరిది కోసం పక్క జిల్లా నుంచి వచ్చారట.

కేకలు వినిపించాయి. ఆయన నిద్రకళ్లతో పెరట్లోకి వచ్చి, లుంగీ ముడేసుకుంటూ, "ఎవరండీ మీరు? ఇంట్లో ఆడవాళ్లున్నారు" అన్నాడు. వెనకే వచ్చినవాడు కాల్చాడు. ఆయన నీళ్ల డ్రమ్ము పక్కన కూలబడి మళ్లీ లేవలేదు.

ఇనపరాడ్డుతో మీదికొచ్చాడనీ, ప్రాణాలు కాపాడుకోవడానికే కాల్చామనీ సాయంత్రానికి పోలీసులు చెప్పారు. చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెట్టారు.

మాది కిరాణా షాపు. "రేపు మన షాపు మీద పడతారు. నువ్వేం చూళ్లేదు" అన్నారు మావారు.

భర్త పోయాక కొన్నాళ్లు బయటికి రాకూడదు గనక, ఆమె రెండిళ్ల మధ్య గోడ దగ్గరికే వచ్చి నిలబడింది.

"అక్కా, ఆయన చేతిలో రాడ్డు చూసావా?"

"లేదమ్మా."

"ఆ మాట ఆర్డీవో విచారణలో చెబుతావా?"

"చెబుతా."

విచారణకి నేను నందిగామ బయల్దేరితే, వద్దంటూనే బస్టాండు దాకా వచ్చిన మావారు చివరికి తనూ బస్సెక్కారు.

"కాల్పులంటే భయపడుంటారు. సరిగ్గా చూసి ఉండరేమో?" అని అడిగారు అధికారి.

"భయపడ్డానండి. అయినా చూసా. రెండు చేతులతో లుంగీ కట్టుకుంటున్నాడండి. రాడ్డు ఎట్లా పట్టుకుంటాడు?"

ఆయన తలెత్తకుండా రాసుకున్నారు.

విచారణ ముగిసినా ఏదీ కదల్లేదు. ఆమె లాయరును పెట్టుకుని కోర్టుకెళ్లింది. కోర్టు చెప్పాకే కాల్చిన పోలీసు మీద హత్య కేసు నమోదైంది. అతను బెయిలు మీద బయటే ఉన్నాడు. చనిపోయినవాడి మీది కేసు మాత్రం ఆధారాల్లేవని మూసేశారు. ఆ రోజు ఆమె ఏడవలేదు. "ఆయన మీదేసిన మాట పోయిందక్కా" అంది.

వాయిదాలకి ఇద్దరం కలిసే వెళ్తున్నాం. మొన్న జడ్జిగారు సెలవన్నారు. కోర్టు వరండాలో కూర్చుని, తెచ్చుకున్న అన్నం తిని, జగ్గయ్యపేట బస్సెక్కాం.